ఆర్కిటిక్ టండ్రాలో తీరపక్షుల సంసారం చూడాలంటే: మొదటి రోజు నుంచి చివరి దాకా

చలికాలంలో కాకినాడ దగ్గర కోరింగ బురదనేలల్లోనో పులికాట్ ఒడ్డునో కనిపించే కర్లూ శాండ్‌పైపర్లు, లిటిల్ స్టింట్లు, గోల్డెన్ ప్లవర్లు మన దగ్గర ఉన్నన్నాళ్లూ దాదాపు ఒకే రకంగా బతుకుతాయి. తింటాయి, ఈకలు సర్దుకుంటాయి, నిద్రపోతాయి, గద్ద నీడ పడితే గుంపుగా లేస్తాయి. పాట, పోట్లాట, జత కట్టడం, గుడ్లు, పిల్లలు, వీటిలో ఒక్కటీ మనకు కనపడదు. అదంతా జూన్, జూలై నెలల్లో, మంచు కరిగిన ఆ కొద్ది వారాల్లో, ఉత్తరాన టండ్రాలో జరిగిపోతుంది. ఈ మార్గదర్శి అక్కడికి వెళ్లి ఆ పిట్టల ప్రవర్తనను చూడాలనుకునేవాళ్ల కోసం. జాబితాలో టిక్కులు పెట్టుకోవడానికి వెళ్లేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. ఒకే పిట్టను గంటసేపు చూడగలిగే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం అన్నీ పనికొచ్చేవే.

ముందే ఒక్క విషయం చెప్పాలి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. టండ్రాలో చెట్టు లేదు, చాటు లేదు. మీరు నిలబడితే అర కిలోమీటరు దాకా ప్రతి పిట్టకీ కనపడతారు. కాబట్టి మీకు కనపడే ప్రవర్తనలో పిట్ట తన పనిగా చేసేది ఎంత, మీరు అక్కడ ఉన్నందుకు చేసేది ఎంత అన్నది విడదీసి చూడటం నేర్చుకోవాలి. అదొక్కటి వస్తే మిగతా అంతా వస్తుంది. అది రాకపోతే నోటుబుక్కు నిండా మీ గురించే రాసుకుని వస్తారు.

ఎక్కడికి వెళ్లాలి

నా ఓటు అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్విక్ ఊరికి. 2016 దాకా దీన్ని బారో అనేవాళ్లు. అమెరికాలో ఇంతకంటే ఉత్తరాన ఊరు లేదు, 71 డిగ్రీల అక్షాంశం దాటి ఉంటుంది. బయటి నుంచి రోడ్డు లేదు, విమానంలోనే వెళ్లాలి. కానీ ఊరి నుంచి టండ్రాలోకి కొన్ని మట్టిరోడ్లు ఉన్నాయి, ముఖ్యంగా గ్యాస్ వెల్ రోడ్డు, కేక్ ఈటర్ రోడ్డు. గూళ్లు కట్టే పిట్టలు ఆ రోడ్ల పక్కనే ఉంటాయి. సెమీపామేటెడ్ శాండ్‌పైపర్, పెక్టోరల్ శాండ్‌పైపర్, డన్లిన్, లాంగ్ బిల్డ్ డోవిచర్, అమెరికన్ గోల్డెన్ ప్లవర్, రెడ్ ఫాలరోప్, రెడ్ నెక్డ్ ఫాలరోప్, ఇవన్నీ ఒకే రోజులో, ఒకే రోడ్డు మీద నుంచి చూడొచ్చు. ఇన్ని రకాల సంసారాలు ఇంత దగ్గర దగ్గరగా దొరికే చోట్లు చాలా తక్కువ.

ఇది అలాస్కా ఆదివాసులైన ఇన్యుపియాట్ ప్రజల ఊరు. చుట్టుపక్కల నేల చాలావరకు వాళ్ల సొంత సంస్థ అయిన గ్రామ కార్పొరేషన్‌ది, కాబట్టి రోడ్డు దిగి టండ్రాలో అడుగు పెట్టేముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. తిమింగలాల వేట వాళ్లకు తిండి, పండగ, చుట్టరికం అన్నీను. జూన్‌లో నలుకతక్ అనే వేట పండగ కూడా జరుగుతుంది. మనుషులను ఫోటో తీసేముందు అడగండి. ఇంకొకటి, ధ్రువపు ఎలుగుబంట్లు. తీరం వెంబడి, ముఖ్యంగా ఊరికి ఉత్తరాన ఉన్న పాయింట్ అనే నేల కొస వైపు, స్థానిక గైడు లేకుండా వెళ్లొద్దు. స్కోప్‌లో కన్ను పెట్టుకుని కూర్చున్న మనిషికి వెనక ఏం వస్తుందో తెలీదు, అందుకే ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ చుట్టూ చూస్తూ ఉండాలి.

ఐరోపాలో ఉండే మనవాళ్లకు ఉత్తర నార్వేలోని వారాంగర్ ద్వీపకల్పం సులువు. ఒడ్డు వెంబడే మంచి రోడ్డు ఉంది, ఎలుగుబంటి టెన్షన్ లేదు, వాడ్సో ఊరి దగ్గరి చిన్న ద్వీపంలోని మడుగులో రెడ్ నెక్డ్ ఫాలరోప్‌లు దగ్గరగా కనపడతాయి. మన తీరానికి చలికాలం వచ్చే టెమింక్స్ స్టింట్ అక్కడ గూడు కడుతుంది, రఫ్ అనే పిట్ట కూడా. కెనడాలో అయితే హడ్సన్ బే ఒడ్డున చర్చిల్. పద్ధతి అన్ని చోట్లా ఒకటే, కాబట్టి ఇక నుంచి ఉట్కియాగ్విక్ లెక్కలోనే చెబుతాను.

ఎప్పుడు వెళ్లాలి

ఏం చూడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి, తేదీలు దాన్ని బట్టి ఉంటాయి. పిట్టలు మే చివర, జూన్ మొదటి రోజుల్లో వస్తాయి. జూన్ మొదటి రెండు వారాలు పాటలు, ప్రదర్శనలు, హద్దుల కోసం పోట్లాటలు. జూన్ మధ్యకల్లా చాలా గూళ్లలో గుడ్లు పడతాయి. ఆ తరవాత టండ్రా ఒక్కసారిగా నిశ్శబ్దం అవుతుంది, ఎందుకంటే అందరూ పొదుగుతూ ఉంటారు. జూలై మొదటి సగంలో పిల్లలు బయటికి వస్తాయి. ఒక్కసారే వెళ్లగలిగితే జూన్ 5 నుంచి 18 మధ్య వెళ్లండి, ప్రదర్శనలూ చూస్తారు, గుడ్లు పెట్టడం మొదలవడమూ చూస్తారు. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాది అన్నీ కొన్ని రోజులు వెనక్కి జరుగుతాయి, అందుకని టిక్కెట్టు కొనేముందు అటూ ఇటూ రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంచుకోండి.

మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. దీనివల్ల మొదటి రెండు రోజులు నిద్ర పూర్తిగా చెడిపోతుంది, కళ్లకు కట్టుకునే గుడ్డ తీసుకెళ్లండి. చూడటానికి మాత్రం ఇది వరమే. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము మూడు దాకా ఎండ ఏటవాలుగా పడుతుంది, వాహనాలు తిరగవు, గాలి తగ్గిన రోజుల్లో పాటలు దూరం నుంచి వినపడతాయి. మధ్యాహ్నం ఎండ కాస్తే నేల నుంచి వేడి ఆవిరి లేచి స్కోప్‌లో బొమ్మ వణుకుతుంది, అప్పుడు పడుకోండి.

ఏం తీసుకెళ్లాలి

జూన్‌లో ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ, ఎండ రోజున అయిదు డిగ్రీలు. గాలి ఆగదు. మంచు ఏ రోజైనా పడొచ్చు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి, కరిగిన నీరు ఎక్కడ చూసినా నిలిచి ఉంటుంది. 8x42 బైనాక్యులర్స్ చాలు, 10x అయితే చలికి చేతులు వణికినప్పుడు ఇబ్బంది. స్పాటింగ్ స్కోప్ ఉంటే మాత్రం సగం పని అయిపోయినట్టే, దూరంగా కూర్చుని చూడగలుగుతారు కాబట్టి. ట్రైపాడ్ పొట్టిగా దించి కూర్చునే ఎత్తులో పెట్టుకోండి. నిలువెత్తు మనిషి కంటే కూర్చున్న మనిషికి పిట్టలు త్వరగా అలవాటు పడతాయి. కింద వేసుకోవడానికి మందపాటి ఫోమ్ ముక్క, వానకు తడవని నోటుబుక్కు, పెన్సిళ్లు (చలికి పెన్ను రాయదు), ఫోన్ బ్యాటరీ కోసం లోపలి జేబు. వేళ్ల చివరలు తెరుచుకునే గ్లవ్స్ వెతికి కొనండి. రాయడానికి ప్రతిసారీ గ్లవ్ తీయాల్సి వస్తే రాయడమే మానేస్తారు.

డ్రోన్ వద్దు. పాట రికార్డింగ్ వినిపించి పిట్టను రప్పించడమూ వద్దు. ఇంత తక్కువ కాలంలో గుడ్లు పెట్టి పిల్లలను లేపాల్సిన పిట్టకు ఒక దొంగ ప్రత్యర్థి మీద పోయే అరగంట చిన్న విషయం కాదు.

మొదటి రోజు: రోడ్డు మీదే ఉండండి

జూన్ మొదట్లో ఊరంతా మంచు ఉన్నా రోడ్డు పక్కన మాత్రం నేల నల్లగా బయటపడి ఉంటుంది. వాహనాల దుమ్ము మంచు మీద పడి అది ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది, అందుకే అక్కడ ముందు కరుగుతుంది. తొలి రోజుల్లో వచ్చిన పిట్టలన్నీ ఆ సన్నటి పట్టీలోనే మేస్తుంటాయి. కారులో నుంచి చూస్తే ఇంకా మంచిది, పిట్టలు కారును పట్టించుకోవు. కిటికీ దించి, ఇంజన్ ఆపి, అక్కడే కూర్చోండి.

ఈ మొదటి రోజు పని రెండే. గొంతులు గుర్తుపట్టడం, నేలను చదవడం. దూరం నుంచి చదునుగా కనపడినా టండ్రా చదును కాదు. గడ్డకట్టిన నేల పగిలి బహుభుజుల్లాంటి గడులు ఏర్పడతాయి. గడి అంచు కాస్త ఎత్తుగా పొడిగా ఉంటుంది, మధ్యలోనో పగుళ్లలోనో నీరు ఉంటుంది. ఒక్కో పిట్టకు ఒక్కో చోటు. గోల్డెన్ ప్లవర్ లైకెన్ (నాచులా నేలను అంటుకుని పెరిగేది) పరుచుకున్న పొడి మిట్టల మీద గూడు పెడుతుంది, డన్లిన్‌కు గడి అంచులు ఇష్టం, ఫాలరోప్‌లు నీటి పక్క గడ్డిలో ఉంటాయి. ఎత్తులో తేడా జానెడే, కానీ ఆ జానెడు చూడటం వస్తే ఏ పిట్ట ఎక్కడ ఉండొచ్చో ముందే చెప్పగలరు.

ప్రదర్శనలు చూడటం

చెట్లు లేవు కాబట్టి ఇక్కడ మగ పిట్ట ఆకాశాన్నే కొమ్మగా చేసుకుని పాడుతుంది. తల పైకెత్తి చూడటం అలవాటు చేసుకోండి.

సెమీపామేటెడ్ శాండ్‌పైపర్ మగది గాలికి ఎదురుగా ఇంటికప్పు ఎత్తులో రెక్కలు వేగంగా ఆడిస్తూ దాదాపు ఒకేచోట నిలబడి, చిన్న మోటారు పడవ ఇంజన్‌లా ఆగకుండా ఒకే శబ్దం చేస్తుంది. దిగాక ఒక రెక్క పైకెత్తి ఉంచుతుందేమో చూడండి, పక్కింటి మగది దగ్గర్లో ఉంటే తరచుగా ఎత్తుతుంది. రెండు మగవి హద్దు దగ్గర కలిస్తే పక్కపక్కనే సమాంతరంగా పరిగెడతాయి, హద్దు గీత ఎక్కడుందో అవి పరిగెత్తిన దారే మీకు గీసి చూపిస్తుంది.

గోల్డెన్ ప్లవర్ చాలా ఎత్తుకు వెళ్లి, రెక్కలు బిగబట్టి నెమ్మదిగా కొడుతూ, రెండు స్వరాల పిలుపును మళ్లీ మళ్లీ అంటుంది. డన్లిన్ పాట సాగదీసిన గరగర, కిందికి జారుతూ ముగుస్తుంది.

అన్నిటికంటే వింత పెక్టోరల్ శాండ్‌పైపర్ మగది. దాని రొమ్ము కింద కొవ్వుతో నిండిన సంచి ఉంటుంది. ఆడది గడ్డిలో కనపడగానే ఆ సంచిని ఉబ్బించి, నేలకు మీటరు ఎత్తున ఆమె మీదుగా ఎగురుతూ ఊ ఊ ఊ అని లోతుగా మోగిస్తుంది. ఆ శబ్దం పిట్టది అని మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. ఈ మగవి ఎవరితోనూ జత కట్టి ఉండవు, పొదగవు, పిల్లలను చూడవు. వాటి పనంతా వీలైనన్ని ఆడవాటితో కలవడం, మిగతా మగవాటిని తరమడం. ఉట్కియాగ్విక్‌లోనే చేసిన ఒక పరిశోధన 2012లో అచ్చయింది. తక్కువ నిద్రపోయిన మగవాటికే ఎక్కువ పిల్లలు పుట్టాయని, ఒక మగది 19 రోజుల పాటు 95 శాతం సమయం మెలకువగానే ఉందని అందులో తేలింది. తరవాత ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే కొన్ని మగవి ఒక్క సీజన్‌లోనే 24 చోట్ల దాకా తిరిగాయి. కాబట్టి నిన్న మీ రోడ్డు పక్క గట్టిగా ఊ ఊ అని మోగించిన మగది ఇవాళ కనపడలేదంటే చచ్చిపోయిందని అనుకోవద్దు. ఇప్పటికి రష్యా వైపు దారిలో ఉండొచ్చు.

రెడ్ ఫాలరోప్ దగ్గర మీ అంచనాలన్నీ తిరగేసుకోండి. ఇటుక రంగులో మెరిసే పెద్దది ఆడది, వెలిసినట్టు ఉండే చిన్నది మగది. మడుగుల మీద గుండ్రంగా ఎగురుతూ పిలిచేది, మగదాని కోసం ఇంకో ఆడదానితో కొట్లాడేది ఆడదే. నాలుగు గుడ్లు పెట్టి మగదానికి అప్పగించి వెళ్లిపోతుంది, వీలైతే ఇంకో మగదాన్ని వెతుక్కుంటుంది. జంట కలిసి ఉన్నప్పుడు ఎవరు ఎవరి వెంట వెళ్తున్నారో, ఎవరు ముందు ఎగురుతున్నారో రాసుకోండి, నాలుగు రోజుల తరవాత ఆ నోట్సు చాలా విలువైనదవుతుంది.

ఈ రోజుల్లో తప్పక చూడాల్సింది గూటి గుంట తవ్వడం. సెమీపామేటెడ్ మగది గడ్డి మధ్య ఒక చోట రొమ్ము నేలకు ఆనించి, తోక నిటారుగా పైకెత్తి, కాళ్లతో వెనక్కి గీకుతూ అక్కడే కొంచెం కొంచెంగా తిరుగుతుంది. సన్నటి గొంతుతో ఏదో అంటూనే ఉంటుంది. ఆడది వచ్చి పక్కన నిలబడుతుంది, మగదాని తోక కిందుగా దూరి తనూ గుంటలో కూర్చుని చూస్తుంది, లేస్తుంది, ఎండిన విల్లో ఆకు ఒకటి ముక్కుతో తీసి భుజం మీదుగా వెనక్కి విసురుతుంది. అలా విసిరినవి కొన్ని గుంటలో పడతాయి, అదే వాళ్ల పరుపు. ఒక జంట ఇలాంటి గుంటలు చాలా తవ్వి ఒక్కదాన్నే ఎంచుకుంటుంది. దూరం నుంచి చూస్తే పిట్ట ఊరికే గడ్డిలో కూర్చున్నట్టు ఉంటుంది, స్కోప్ లేకపోతే ఇదంతా మీ కళ్లముందే జరిగి వెళ్లిపోతుంది.

ఒక్క పిట్టను పట్టుకోండి

కనపడిందల్లా రాసుకుంటూ పోతే చివరికి పోట్లాటలు, విన్యాసాలు మాత్రమే మిగులుతాయి, ఎందుకంటే కంటికి అవే ఆనతాయి. ప్రవర్తన పరిశీలనకు జీన్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త 1974లో రాసిన పద్ధతులు ఇప్పటికీ అందరూ వాడతారు. వాటిలో మనకు రెండు చాలు.

మొదటిది, ఒకే పిట్టను ఎంచుకుని పది నిమిషాలు దాన్ని మాత్రమే చూడటం. ఫోన్‌లో 30 సెకన్లకొకసారి చిన్నగా వణికేలా టైమర్ పెట్టుకుని, అది వణికిన క్షణంలో పిట్ట ఏం చేస్తోందో ఒక్క అక్షరం రాయండి. నా అక్షరాలు ఇవి: తి అంటే తినడం, ని అంటే నిలబడి చుట్టూ చూడటం, ఈ అంటే ఈకలు సర్దుకోవడం, పా అంటే పాట లేదా ప్రదర్శన, త అంటే తరమడం, పొ అంటే పొదగడం, హె అంటే హెచ్చరిక పిలుపు, క అంటే కనపడటం లేదు. మీకు నచ్చినవి మీరు పెట్టుకోండి, కానీ మొదటి రోజే ఖాయం చేసుకుని మధ్యలో మార్చొద్దు. రెండోది, అయిదు నిమిషాలకొకసారి చూపును ఎడమ నుంచి కుడికి తిప్పి కనపడ్డ ప్రతి పిట్ట ఆ క్షణంలో ఏం చేస్తోందో లెక్కపెట్టడం. మడుగు మీద ఫాలరోప్‌లకు ఇది బాగా పనికొస్తుంది.

పేజీ పైన తేదీ, గంట, గాలి, ఎండ, మంచు ఎంత మిగిలింది, పిట్టకూ మీకూ మధ్య దూరం. పక్కన ఒక గీత కొట్టి ప్రతి అక్షరానికి ఎదురుగా అది మీ వల్ల జరిగిందనిపిస్తే చుక్క పెట్టండి. చుక్కలు మూడింట ఒక వంతు దాటితే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. లేచి పదిహేను ఇరవై అడుగులు వెనక్కి జరిగి మళ్లీ కూర్చోండి. కూర్చున్న మొదటి పదిహేను నిమిషాలు అసలు రాయొద్దు, పిట్టలు మామూలు కావడానికి ఆ మాత్రం పడుతుంది.

గూడు ఉందని పిట్టే చెబుతుంది

టండ్రాలో గూడు వెతుకుతూ నడవొద్దు. గుడ్లు నేల రంగులోనే ఉంటాయి, నాలుగు గుడ్లూ సన్నటి కొనలు లోపలికి తిప్పి ముచ్చటగా సర్ది ఉంటాయి, మీరు తొక్కేదాకా కనపడవు. అనుమతి ఉన్న పరిశోధకులు ఇద్దరు తాడు పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లి పిట్టలను లేపుతారు. ఆ పద్ధతి మనది కాదు. అమెరికాలో వలస పక్షుల గుడ్లను, గూళ్లను అనుమతి లేకుండా తీసుకోవడం, పాడుచేయడం చట్టప్రకారం నేరం కూడా.

మనం చేయాల్సింది పిట్ట నడకను చదవడం. తీరిగ్గా మేసే పిట్ట అటూ ఇటూ తిరుగుతుంది. గూటికి తిరిగి వెళ్లే పిట్ట కొంచెం దూరం పరిగెడుతుంది, ఆగుతుంది, మేస్తున్నట్టు ముక్కు రెండుసార్లు నేలకు తగిలిస్తుంది, మళ్లీ పరిగెడుతుంది, దిశ మాత్రం మారదు. చివరి మీటరు తల దించుకుని వెళ్లి గడ్డిలో మాయమవుతుంది. అక్కడ ఒళ్లు కాస్త ఉబ్బించి, ఇటూ అటూ ఊగి కూర్చోవడం కనపడితే, అప్పుడప్పుడూ తల వంచి ముక్కుతో గుడ్లు సర్దడం కనపడితే అది గూడే. అటు వెళ్లకండి. దూరంలో ఒక మంచు ముద్దనో కరెంటు స్తంభాన్నో గుర్తు పెట్టుకుని మీ చోటు నుంచే చూడండి.

పొరపాటున గూటి దగ్గరికి వెళ్లిపోతే ఎలా తెలుస్తుంది? జాతిని బట్టి. గోల్డెన్ ప్లవర్ మిమ్మల్ని చాలా దూరం నుంచే చూసి చప్పుడు లేకుండా లేచి నడుచుకుంటూ వచ్చి, ఎక్కడో నిలబడి జాలిగా ఈల వేస్తుంది. అది ఈల వేసే చోట గూడు ఉండదు. సెమీపామేటెడ్ శాండ్‌పైపర్ దీనికి పూర్తిగా వేరు, మీ బూటు నాలుగైదు అడుగుల దగ్గరికి వచ్చేదాకా కదలదు. లేచాక ఎగరదు కూడా. వీపు వంచి, రెక్కలు కిందికి జార్చి, ఈకలు రేగించుకుని, కీచుమంటూ గడ్డి మధ్య ఎలుక పరిగెత్తినట్టు పరిగెడుతుంది. నక్క కంటికి అది దాని తిండి అయిన, చిన్న ఎలుకలాంటి లెమ్మింగ్‌లా కనపడాలనే ఆ వేషం. ఎదురుగా రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయే ప్లవర్ కనపడినా అర్థం అదే. ముచ్చటేసి దాని వెంట వెళ్లొద్దు, వీడియో కోసం అక్కడే నిలబడొద్దు. కాళ్ల దగ్గర చూసుకుంటూ వచ్చిన దారినే కాకుండా కాస్త పక్కగా నడుస్తూ దూరం వెళ్లిపోండి. నేరుగా గూటి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయిన అడుగుల వాసన నక్కకు దారి చూపించే ప్రమాదం ఉంది.

పది నిమిషాల్లో పిట్ట గూటికి రాకపోతే తప్పు మీ దూరానిది, ఇంకా వెనక్కి వెళ్లండి. చలిగాలి, వాన, మంచు ఉన్నప్పుడు గూటి పరిశీలన పూర్తిగా మానేయండి. తలపైన జేగర్ (గుడ్లూ పిల్లలూ తినే వేట పిట్ట) తిరుగుతున్నప్పుడు పిట్టను గూటి నుంచి లేపడమంటే గుడ్లను దానికి చూపించినట్టే.

ఇది ముందుగా మన ఊళ్లోనే సాధన చేయొచ్చు. తీతువు పిట్ట కూడా నేల మీదే, బయలు ప్రదేశంలో, నాలుగు గుడ్లు పెడుతుంది, మనిషి దగ్గరికొస్తే అరిచి గోల చేస్తుంది. ఎండాకాలంలో ఊరి చెరువు ఎండిన అంచున దాన్ని దూరం నుంచి చూసి, అది మామూలుగా గూటి మీద కూర్చునేంత దూరం ఎంతో కనుక్కోగలిగితే టండ్రాలో సగం పని వచ్చినట్టే.

పొదిగే రోజులు

చాలామందికి ఈ దశ విసుగు. నాకు మాత్రం ఇదే ఇష్టం, ఎందుకంటే ఇక్కడే జాతికీ జాతికీ మధ్య తేడా బయటపడుతుంది. సెమీపామేటెడ్ శాండ్‌పైపర్‌లో ఆడా మగా ఇద్దరూ వంతులు వేసుకుని పొదుగుతారు, ఉట్కియాగ్విక్‌లో ఒక్కో వంతు సుమారు 11 గంటలు. రాత్రి పగలు తేడా లేని చోట వాళ్ల గడియారం మన 24 గంటలతో కలవాలన్న నియమం లేదు. తీరపక్షుల 32 జాతుల్లో 729 గూళ్లను పోల్చిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది, అందులో వంతుల నిడివి జాతిని బట్టి ఒక గంట నుంచి 19 గంటల దాకా ఉంది. కాబట్టి వంతు మారడం చూడాలంటే ఓపికతో పాటు లెక్క కావాలి. ఇవాళ మారిన సమయం రాసుకుంటే రేపు ఏ వేళకు వచ్చి కూర్చోవాలో తెలుస్తుంది. మారేటప్పుడు వచ్చేది ఎటు నుంచి వచ్చింది, పిలిచిందా, కూర్చున్నది వెంటనే లేచిందా లేక మొరాయించిందా, లేచి వెళ్తూ ఆకు ఏదైనా గూటి వైపు విసిరిందా, ఇవి రాయండి.

పెక్టోరల్‌లో తల్లి ఒక్కతే, ఫాలరోప్‌లో తండ్రి ఒక్కడే. ఒంటరి పిట్ట ఆకలికి గుడ్లు వదిలి వెళ్లక తప్పదు. కాసేపు మేసి మళ్లీ వస్తుంది. చల్లటి రోజున ఈ విరామాలు ఎంతసేపు, ఎండ రోజున ఎంతసేపు అని పోల్చి చూడండి. స్టాప్‌వాచ్ ఒక్కటి చాలు. టెమింక్స్, లిటిల్ స్టింట్లది ఇంకో దారి, తల్లి రెండు గూళ్లలో గుడ్లు పెడుతుంది, ఒకటి మగదానికి వదిలి రెండోది తను పొదుగుతుంది. కోరింగలో పక్కపక్కనే మేసే రెండు స్టింట్లలో ఈ కథ ఉందని ఎవరైనా ఊహిస్తారా!

జూన్ చివరికి పెక్టోరల్ మగవి, ఫాలరోప్ ఆడవి టండ్రా వదలడం మొదలుపెడతాయి. మన ఎండాకాలం వేడి పూర్తిగా చల్లారకముందే వాటికి దక్షిణ ప్రయాణం మొదలైపోతుంది.

పిల్లలు

గుడ్డు పగిలిన రోజే, మహా అయితే మర్నాడు, పిల్లలు గూడు వదిలేస్తాయి. సెమీపామేటెడ్ పిల్ల బరువు సుమారు 5 గ్రాములు, అయినా తన తిండి తనే వెతుక్కుంటుంది. తల్లిదండ్రులు నోట్లో పెట్టరు, కాపలా కాస్తారు, చలేస్తే రెక్క కింద దాచుకుంటారు. పెద్ద పిట్ట కింద ఎనిమిది కాళ్లు అదనంగా కనపడుతున్నాయంటే అదే. ఎంతసేపు మేశాయి, ఎంతసేపు రెక్క కింద ఉన్నాయి అన్నది వాతావరణంతో పాటు రాస్తే, చలి రోజున పిల్లకు తినడానికి ఎంత తక్కువ సమయం మిగులుతుందో కాగితం మీదే కనపడుతుంది. సెమీపామేటెడ్‌లో తల్లి కొన్ని రోజులకే వెళ్లిపోతుంది, మిగతా పెంపకం తండ్రిది. మూడు వారాల్లోపే పిల్లలు ఎగురుతాయి.

ఈ రోజుల్లో పద్ధతి మార్చాలి. గూడు ఒకేచోట ఉంటుంది, పిల్లలు ఎక్కడైనా ఉండొచ్చు. పెద్ద పిట్ట మీ చుట్టూ తిరుగుతూ ఆగకుండా అరుస్తుంటే పిల్లలు గడ్డిలో అణిగి కూర్చుని ఉన్నట్టు. అడుగు తీసి అడుగు వేసేముందు నేల చూసుకుని, నిదానంగా రోడ్డు ఎక్కేయండి. జూలైలో నేను అయితే రోడ్డు అసలు దిగొద్దనే చెబుతాను.

పిల్లల తిండి దోమలాంటి చిన్న ఈగలు, క్రేన్ ఫ్లైలు, సాలీళ్లు. అవి గుంపుగా పుట్టే రోజులు చాలా తక్కువ. మంచు ముందే కరిగితే పురుగులు ముందే పుట్టి తగ్గిపోతాయి, పిల్లలు ఆలస్యమవుతాయి. రష్యాలోని తైమీర్‌లో పుట్టే రెడ్ నాట్‌లు ఇలాంటి ఏళ్లలో చిన్న శరీరంతో, పొట్టి ముక్కుతో పెరుగుతున్నాయని, పశ్చిమ ఆఫ్రికా తీరంలో లోతుగా ఉన్న ఆల్చిప్పలు అందక చాలా చచ్చిపోతున్నాయని 2016లో తేలింది. అందుకే పిల్లలు కనపడిన రోజున పురుగుల సంగతి కూడా ఒక ముక్క రాయండి: బూటు మీద ఎన్ని వాలాయి, నీటి మీద తేలుతున్నాయా, అసలు లేవా.

నక్కలు, జేగర్లు, లెమ్మింగ్‌లు

ఆర్కిటిక్ నక్క, జేగర్లు, గ్లాకస్ గల్, ఇవి గుడ్లూ పిల్లలూ తినేవి. వీటి ముఖ్యమైన ఆహారం లెమ్మింగ్ అనే చిన్న ఎలుక జాతి జంతువు. అది కొన్ని ఏళ్లలో విపరీతంగా పెరుగుతుంది, తరవాత కూలిపోతుంది. పెరిగిన ఏడాది ఉట్కియాగ్విక్ చుట్టూ మంచు గుడ్లగూబలు, పోమరైన్ జేగర్లు గూళ్లు పెడతాయి, నక్కలకు కడుపు నిండుతుంది, తీరపక్షులకు ఊపిరి దొరుకుతుంది. కూలిన ఏడాది నక్క ప్రతి గూడూ వెతుకుతుంది. జేగర్ వచ్చినప్పుడు మీ పిట్ట ఏం చేసింది, అణిగిందా, లేచి తరిమిందా, అరిచిందా, పక్క జాతులు కూడా కలిసి తరిమాయా అని చూడండి. మీ వల్ల కాని హెచ్చరిక ప్రవర్తన నిఖార్సుగా దొరికేది ఈ క్షణాల్లోనే.

నోట్సు ఏం చేయాలి

అదే రోజు రాత్రి శుభ్రంగా రాసుకోండి, రెండు రోజులైతే మీ అక్షరాలు మీకే అర్థం కావు. పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో చెక్‌లిస్ట్ వేస్తే సంతానోత్పత్తి కోడ్‌లు కూడా పెట్టండి, పాటకు, జత ప్రదర్శనకు, దారి మళ్లించే నటనకు, పిల్లలకు అన్నిటికీ వేరువేరు కోడ్‌లు ఉన్నాయి. గూటి ఖచ్చితమైన చోటు, గూటి ఫోటో మాత్రం సీజన్ అయిపోయేదాకా ఎక్కడా పెట్టొద్దు. పిట్ట కాలికి పరిశోధకులు కట్టిన రంగు జెండాలు కనపడితే రంగు, ఏ కాలు, పైనా కిందా, అక్షరాలు ఉంటే అవీ రాసి వాళ్లకు పంపండి.

టండ్రా దాకా వెళ్లలేనివాళ్లకు కూడా ఇందులో ఒక పని ఉంది. మన తీరానికి వచ్చే కర్లూ శాండ్‌పైపర్లు సైబీరియాలో గూళ్లు పెడతాయి, వాటి మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ అక్కడి లెమ్మింగ్‌లతో ముడిపడి ఉంటాయి. పెద్దవి ముందు వస్తాయి, ఆ ఏడాది పిల్లలు తరవాత. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా కాకినాడ, ఉప్పాడ వైపు గుంపు దొరికినప్పుడు స్కోప్‌తో ఒక కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పిట్టనూ చూడండి. వీపు మీద పొలుసుల్లా తెల్లటి అంచులున్న ఈకలు, రొమ్ము మీద లేత గోధుమ రంగు ఉంటే ఈ ఏటి పిల్ల. ఇటుక రంగు మచ్చలు మిగిలి ఉన్నా, బూడిద రంగులోకి మారుతున్నా పెద్దది. వందలో ఎన్ని పిల్లలో రాయండి, ఏటా అదే వారంలో, అదే చోట. గుంపు అంచున మేసేవాటిలో పిల్లలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, కాబట్టి అంచులు మాత్రమే లెక్కపెట్టి ఆపకుండా మధ్య దాకా వెళ్లండి. నవంబరుకు పిల్లల ఈకలు కూడా మారిపోయి తేడా చెప్పడం కష్టమవుతుంది.